డాక్స్‌ల ఉన్నది, చూడుండ్రి

నలభై దాటాక మళ్ళీ ట్రైనీ అనిపించుకోవడం ఎలా ఉంటుందో నన్నడగండి. మెడలో వేసుకునే కార్డు మీద ఆ మాటను పెద్ద అక్షరాల్లో అచ్చు వేసి ఇచ్చారు. ఆటోలో కూర్చున్నంతసేపూ దాన్ని తిరగేసి పెట్టుకునేదాన్ని. ఎదురు సీటులో కాలేజీ పిల్లలు కూర్చుంటే సంచీలోనే దాచేసేదాన్ని.

మా ఆఫీసు కనకమామిడిలో ఒక ఫామ్‌హౌస్. సిటీలో కిరాయి దండగ అనుకున్న మా సార్ తన ఫామ్‌హౌస్‌లోనే బల్లలు వేయించి, ఇంటర్నెట్ పెట్టించి, కంపెనీని అక్కడికి తెచ్చేశాడు. ఈత కొట్టడానికి కట్టించుకున్న తొట్టిలో ఇప్పుడు పాత మానిటర్ల అట్టపెట్టెలు ఉంటాయి. కూరగాయల మండీల్లో కాంటా పక్కన ఒక కంప్యూటర్ పెడతారు కదా, దానిలో నడిచే ప్రోగ్రాం మేం రాస్తాం. ఆ కంప్యూటర్లన్నీ లైనక్స్ మీద నడుస్తాయి. రాసిన ప్రోగ్రాంను మూట కట్టి, మండీలోని కంప్యూటర్‌లో ఒక్క దెబ్బకు దిగేలా తయారు చేయడాన్ని ప్యాకేజింగ్ అంటారు. నాకిచ్చిన పని అదే.

ఆ పని ఇప్పించింది మా టీమ్ లీడ్. చేవెళ్ల బజార్లో వాళ్ళది కిరాణా షాపు. మా ఇంటి సరుకులన్నీ ఎప్పటి నుంచో అక్కడే తెచ్చుకుంటాం. ఒక ఆదివారం షాపులో వాళ్ళ నాన్న పక్కన కూర్చుని ఉన్న ఆ అబ్బాయి, నూనె ప్యాకెట్లు సంచీలో వేస్తూ అడిగాడు.

"అక్క, మీరు పెండ్లికి ముందు కంప్యూటర్స్ చదివిన్రంట గదా. మా దగ్గర ఒక పోస్టున్నది. వస్తరా?"

అప్పుడు చదివిందంతా ఎప్పుడో మరిచిపోయానని చెప్పాను. పిల్లల పెంపకం, మామగారి పక్షవాతం, వాటితోనే సగం వయసు గడిచిపోయిందని చెప్పాను. ఆ అబ్బాయి వినలేదు. సార్‌తో మాట్లాడి ఒప్పించాడు. కొన్నాళ్ళు చూస్తామని, ఆ తర్వాత మీటింగ్ పెట్టి పర్మనెంట్ చేయాలో వద్దో తేలుస్తామని సార్ అన్నాడు.

మాది సురంగల్. మా చర్చిలో ఎవరికైనా మేలు జరిగితే ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. నేను పర్మనెంట్ అయ్యాక చెప్తానన్నాను. మా అత్తమ్మ ఒప్పుకోలేదు.

"దేవుడు ఇచ్చినంక దాసుకుంటరా బిడ్డా?" అంది.

లేచి నిలబడ్డాను. దేవుడు నాకు నౌకరి ఇచ్చాడని మైకులో చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ట్రైనీ అన్న మాట మాత్రం నా నోట రాలేదు. ఇక ఆ రోజు నుంచి చర్చి మెట్ల దగ్గర ఎవరో ఒకరు "నౌకరి ఎట్లున్నది?" అని పలకరించేవాళ్ళు. మంచిగున్నదని చెప్పేదాన్ని. ఈ పని పోతే మళ్ళీ అదే మైకు ముందుకు ఏ ముఖంతో వెళ్ళాలో నాకు తెలియదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మూట ఎలా కట్టాలో చెప్పే ఫైలును స్పెక్ ఫైలు అంటారు. అందులో శాతం గుర్తు పెట్టి కొన్ని పొట్టి పేర్లు రాసి ఉంటాయి. వాటిని మాక్రోలు అంటారు. పప్పు ఎలా వండాలో ఎవరికైనా చెప్పేటప్పుడు చివర "పోపు పెట్టు" అంటాం కదా. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు అని లెక్క చెప్పం. మాక్రో కూడా అంతే, ఒక్క పేరు రాస్తే దాని వెనక కొన్ని లైన్లు నడుస్తాయి. అయితే పోపు ఇంటికో తీరుగా ఉంటుంది. ఆ ఇంట్లో ఏమేస్తారో కొత్త కోడలికి ఎవరో ఒకరు చెప్పాలి. లైనక్స్‌తో పాటు వచ్చే మాక్రోల గురించి నెట్‌లో కావలసినంత రాసి ఉంది. మా కంపెనీ వాళ్ళు సొంతంగా చేసుకున్న మాక్రోలు కొన్ని ఉన్నాయి. వాటి గురించి నెట్‌లో ఎందుకుంటుంది?

మొదటి వారంలోనే లీడ్‌ను అడిగాను. "తమ్మి, ఈ మాక్రో ఏం చేస్తది?"

ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే జవాబిచ్చాడు. "డాక్స్‌ల ఉన్నది అక్క, చూడుండ్రి."

డాక్స్ అంటే డాక్యుమెంటేషన్, ఏది ఏం చేస్తుందో వివరంగా రాసిపెట్టినది. సరేనని తల ఊపాను. ఎక్కడుంది అని ఒక్క మాట అడిగితే అయిపోయేది. కానీ ఆ గదిలో అందరికీ తెలిసిన చోటు నాకొక్కదానికే తెలియదని ఎలా ఒప్పుకోవాలి? నా పక్కన కూర్చున్న మొయినాబాద్ అమ్మాయికి మా పెద్దదాని వయసు. ఆ అమ్మాయి ముందు చిన్నబోవడం ఇష్టం లేకపోయింది.

వెతకడం మొదలుపెట్టాను. ఆఫీసు ఫోల్డర్లన్నీ తెరిచాను. ఒకదాంట్లో బతుకమ్మ ఫోటోలు, ఒకదాంట్లో ఏసీ వారంటీ కాగితాలు ఉన్నాయి. ఒకచోట డాక్స్ అని రాసిన లింకు కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. నొక్కితే పేజీ దొరకలేదని వచ్చింది. నాకు అనుమతి ఇచ్చి ఉండరు, ట్రైనీని కదా అనుకున్నాను. ఇంకోసారి, వెతకడం నాకే చేతకావడం లేదేమో అనుకున్నాను. రెండో మాటనే ఎక్కువ నమ్మాను.

నెట్‌లో ఉన్న లావుపాటి మాన్యువల్ చదివాను. ప్రపంచంలో ఉన్న మాక్రోలన్నీ అందులో ఉన్నాయి, మావి తప్ప. లీడ్ అటుగా వస్తున్నాడంటే చాలు, ఆ మాన్యువల్ తెర మీదికి తెచ్చి ముందుకు వంగి కూర్చునేదాన్ని.

"చదువుతున్నరా అక్క? గుడ్" అని వెళ్ళిపోయేవాడు. ఆ గుడ్ వినగానే ఒళ్ళంతా ముడుచుకుపోయేది. పరీక్షలో కాపీ కొడుతుంటే వెన్ను తట్టినట్టు ఉండేది.

మరి పని ఎలా చేశావంటారా? అందరూ చేసినట్టే చేశాను. పాత స్పెక్ ఫైలు తీసుకోవడం, పేరు మార్చడం, నంబరు మార్చడం, మాక్రోల జోలికి పోకుండా దండం పెట్టి వదిలేయడం. అలా నెలలు గడిచాయి. మీటింగ్ దగ్గర పడింది.

ఒకరోజు లీడ్ నా బల్ల దగ్గరికి వచ్చి ఒక మండీ పేరు చెప్పాడు. "అక్క, వాళ్ళకు కొత్త ప్యాకేజీ పంపాలె. సెట్టింగుల మాక్రో వద్దు. వాళ్ళ కాంటా సెట్టింగులు ముట్టుకోవద్దు" అన్నాడు.

ఆ లైను తీసేయమని అర్థం. నేను తీసేయలేదు. నాకు అర్థం కానిదాన్ని చెరిపేయాలంటే భయం. రేపు మళ్ళీ కావాలంటే ఎక్కడి నుంచి తేవాలి? జాగ్రత్తపరురాలిని కదా, లైనుకు ముందు హ్యాష్ గుర్తు పెట్టాను. నేను చదువుకున్న కాలం నుంచీ ఆ గుర్తు పెట్టిన లైను పడుకున్నట్టే, నడవదు. ప్యాకేజీ కట్టేటప్పుడు తెర మీద బోలెడన్ని లైన్లు పరుగెడతాయి. వాటిలో ఒక హెచ్చరిక కూడా వచ్చిందని తర్వాత చూశాను. హెచ్చరికలను ఎవరూ పట్టించుకోరు, నేనూ పట్టించుకోలేదు.

మాక్రోల విషయంలో హ్యాష్ అలా పనిచేయదట. ముందు మాక్రో విప్పుకుని దాని లైన్లన్నీ బయట పడతాయి. హ్యాష్ వాటిలో మొదటి లైనుకు మాత్రమే అంటుకుంటుంది. మిగతావి దర్జాగా నడుస్తాయి. ఆ మాక్రోలో మొదటి లైను మండీ పాత సెట్టింగులను భద్రంగా పక్కన పెడుతుంది. రెండోది వాటి మీద కొత్తవి పోస్తుంది. నేను భద్రపరిచేదాన్ని ఆపి, చెరిపేదాన్ని వదిలిపెట్టాను.

మరుసటి రోజు పొద్దున ఆ మండీలో కాంటా మీద ఏం పెట్టినా కంప్యూటర్ సున్నా చూపించింది. లీడ్ కారు తీసుకుని పరుగెత్తాడు. మధ్యాహ్నం దాకా అక్కడే ఉండి, పాత సెట్టింగులు ఒక్కొక్కటీ చేత్తో కొట్టి బాగుచేశాడు. తిరిగొచ్చేసరికి ముఖం ఎండకు కమిలిపోయి ఉంది. బాటిల్ ఎత్తి నీళ్ళన్నీ తాగి నా దగ్గరికి వచ్చాడు. గట్టిగా తిట్టినా బాగుండేది.

"అక్క, మాక్రో ముంగట హ్యాష్ పెట్టొద్దు. లైనే తీసెయ్యాలె. డాక్స్‌ల ఉన్నది గదా" అన్నాడు మెల్లగా.

"సారీ తమ్మి. చూడలే."

చూడలేదంటే, ఉన్నా చూడలేదని అర్థం. ఇన్ని నెలలుగా దాని కోసం దేవులాడానని, దొరకలేదని చెప్పడం కన్నా, బద్ధకంతో చదవలేదనుకుంటేనే నాకు పరువుగా తోచింది. ఆ క్షణంలో నిజంగా అలాగే తోచింది.

మా ఆయన కౌలుకు తీసుకుని టమాటా వేస్తాడు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విసిరినట్టు విప్పాడు. కాళ్ళు కూడా సరిగ్గా కడుక్కోకుండా పీట మీద కూర్చున్నాడు.

"కాంటనే నడ్వలే ఇయ్యాల. ఎవడో కంప్యూటర్‌గాడు ఖరాబ్ చేసిండట. పొద్దటి సంది ఎండల నిలబడ్డం. వాని చేతులు పడిపోను" అన్నాడు.

"అట్ల తిట్టొద్దు. వాడు సుత ఎవలో కన్న బిడ్డనే" అంది అత్తమ్మ లోపలి నుంచి.

నేను అన్నం వడ్డిస్తున్నాను. ఆయన టమాటా తీసుకెళ్ళే మండీల్లో అదొకటని తెలుసు. ఆయన ఆ రోజు అక్కడికే పోతాడని తెలియదు.

"ఆ కంప్యూటర్‌గాడు నేనే" అన్నాను.

ఆయన తలెత్తి చూశాడు. మళ్ళీ కంచంలోకి చూసి అన్నం కలపడం మొదలుపెట్టాడు. చాలాసేపు కలిపాడు.

"నీకు చెప్పేటోళ్ళు లేకపాయిరా?"

"రాసి పెట్టిన్రంట. నేనే చూడలే."

"ఏడ పెట్టిన్రు?"

కూర గిన్నె ఆయన వైపు జరిపాను.

"ఇన్ని దినాల సంది పోతున్నవ్. ఏడ పెట్టిన్రో తెల్వదా?"

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. అందుకే నాకు అంత మండింది. ఆయన మీద కాదు, నా మీద నాకే. ఇంట్లో ఉప్పు డబ్బా కనబడకపోతే ఇల్లు పీకి పందిరేసేదాన్ని, ఆఫీసులో మాత్రం నోరు కుట్టుకుని కూర్చున్నాను.

పొద్దున వెళ్ళగానే పక్క సీటు అమ్మాయిని అడిగాను. "డాక్స్ ఏడున్నయ్ బిడ్డా?"

ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నిజం చెప్పాల్నా అక్క? నేనెప్పుడు చూడలే. నాకు యాక్సెస్ ఇయ్యలేదేమో అనుకున్న. మీరు దినాం ఏదో చదువుకుంట కూసుంటరు గదా, మీకు దొరికినయ్, నాకే దొరకలే అనుకున్న. అడుగుదామంటే సిగ్గనిపిచ్చింది."

నాకు తల కొట్టేసినట్టయింది. నేను చదువుతున్నట్టు నటించింది లీడ్ కోసం. దాన్ని పక్కనుంచి చూస్తూ, ఈ పిల్ల ఇన్నాళ్ళూ తనను తాను మొద్దు అనుకుంటోంది. నా తప్పుకు మా ఆయన ఎండలో నిలబడ్డాడని ముందు రాత్రంతా కుమిలిపోయాను. ఇది అంతకన్నా ఎక్కువగా గుచ్చుకుంది.

ఇద్దరం కలిసి ఇంకో ఇద్దరిని అడిగాం. ఒకరు మా లీడ్‌ను అడగమన్నారు. ఇంకొకరు నవ్వేసి చాయ్ తాగడానికి వెళ్ళిపోయారు. ఎవరూ చూసినవాళ్ళు లేరు.

ఆ లావుపాటి మాన్యువల్‌నే మళ్ళీ తెరిచాను. అందులో ఒకచోట ఉంది: ఫలానా కమాండ్‌కు మాక్రో పేరు ఇస్తే, దాని లోపల ఏముందో విప్పి చూపిస్తుందని. ఆ పేజీని నేను ఎప్పుడో దాటేశాను. రాసిపెట్టిన డాక్స్ కోసం వెతికేదాన్ని కాబట్టి ఇది అక్కరలేదనుకున్నాను. కమాండ్ కొట్టాను. మా సెట్టింగుల మాక్రో విప్పుకుని లైను తర్వాత లైను తెర మీద పరుచుకుంది. మేం ప్యాకేజీలు కట్టే కంప్యూటర్‌లోనే, లైనక్స్ మాక్రోలు పెట్టుకునే ఫోల్డర్‌లో, మా మాక్రోల ఫైలు కూడా దొరికింది. దాని నెత్తిన ఇంగ్లిష్‌లో ఒకే ఒక్క ముక్క రాసి ఉంది, వివరాలకు డాక్స్ చూడమని.

ఆ అమ్మాయీ నేనూ కడుపు పట్టుకుని నవ్వాం. అది రాసినాయన కంపెనీ వదిలి ఎప్పుడో వెళ్ళిపోయాడు. డాక్స్ రాద్దామనుకున్నాడేమో, రాయలేదు. లేనిదాన్ని ఉందని ఒకరికొకరు చెప్పుకుంటూ ఇన్నేళ్ళు పని నడిపారు. నవ్వు ఆగాక నాకు ఏడుపొచ్చింది, బాత్రూంలోకి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను.

ఇక నేనే రాయడం మొదలుపెట్టాను. ఒక్కో మాక్రోను విప్పి చూడడం, పాత కంప్యూటర్ మీద నడిపి చూడడం, అది ఏం చేస్తుందో తేలిక ఇంగ్లిష్‌లో రాయడం. హ్యాష్ సంగతి అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్తగా రాశాను. మాక్రో ముందు హ్యాష్ పెడితే మొదటి లైను మాత్రమే ఆగుతుంది, మిగతావి నడుస్తాయి, వద్దనుకుంటే లైను మొత్తం తీసేయండి, దాచుకోవాలనుకుంటే శాతం గుర్తును రెండుసార్లు పెట్టండి అని రాశాను. ఆ పేజీలు చూసుకుంటే చాలాకాలం తర్వాత నా మీద నాకు కాస్త గౌరవం కలిగింది. మా మొయినాబాద్ అమ్మాయి చదివి, ఇప్పుడు అర్థమైంది అక్క అంది.

లీడ్‌కు పంపాను. డాక్స్ నాకు దొరకలేదు తమ్మి, అందుకే చూసి చూసి రాశాను, తప్పులుంటే దిద్దు అని మెసేజ్ కూడా పెట్టాను. జవాబు రాలేదు. రెండు రోజుల తర్వాత ఆ పేజీలు ఆఫీసు ఫోల్డర్‌లో కనిపించాయి, డాక్స్ అన్న పేరుతో. నా పేరు ఎక్కడా లేదు. పోనీలే, మీటింగ్‌లో చెప్తాడులే అనుకున్నాను. చెప్తాడన్న ధైర్యంతోనే ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళాను.

మీటింగ్ సార్ గదిలో జరిగింది. సార్, లీడ్, నేను. సార్ నా పని గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, మండీ సంగతి ఎత్తాడు.

"అసలు మన దగ్గర డాక్యుమెంటేషన్ ఉన్నదా లేదా? ఉంటే గిట్ల ఎందుకైతది?" అని లీడ్‌ను అడిగాడు.

"ఉన్నది సార్" అన్నాడు లీడ్.

గోడ మీది తెరపై నా పేజీలు తెరిచాడు. సార్ కళ్ళజోడు సర్దుకుని చదివాడు. ఒక పేజీ, రెండో పేజీ. తల ఊపుతున్నాడు.

"మస్తు క్లియర్‌గా ఉన్నదయ్యా. మంచి మెయింటైన్ చేస్తున్నరు." ఇంకాస్త కిందికి జరిపించి, వేలు పెట్టి చూపిస్తూ గట్టిగా చదివాడు. మాక్రో ముందు హ్యాష్ పెడితే మొదటి లైను మాత్రమే ఆగుతుంది, మిగతావి నడుస్తాయి. చదివి నా వైపు తిరిగాడు. "ఇగో, ఈడనే రాసి ఉన్నది గద మేడం. ఇంత మంచిగ రాసి పెట్టినంక సుత ఎట్ల చూడలే మీరు?"

లీడ్ చేయి మౌస్ మీదే ఉంది, కదలడం లేదు. చెవులు ఎర్రబడ్డాయి. నాకు పని చూపించిన అబ్బాయి అతను. ఆ ఇంటి సరుకులు తింటున్నాం. ఇవన్నీ తర్వాత ఆలోచించుకున్నవి. అప్పుడు ఏ ఆలోచనా లేదు. ఆ చివరి మాట సార్ నోటి నుంచి పూర్తిగా వచ్చిందో లేదో, నా జవాబు బయటికి వచ్చేసింది.

"తప్పైంది సార్. చూసుకోలే."

"ఇగ ముంగట చూసుకోండ్రి. ఓకే, కన్‌ఫర్మ్ చేస్తున్న" అని నవ్వాడు సార్.

వరండాలో లీడ్ చెప్పులేసుకుంటూ తలెత్తలేదు. "అక్క, సార్ అడగంగనే నోట్లకెళ్లి వచ్చేసింది. నా సీనియర్ నాకు సుత గట్లనే చెప్పిండు. ఉన్నయనే అనుకున్న నేను" అన్నాడు.

"ఫికర్ చెయ్యకు తమ్మి" అన్నాను.

అతన్ని కాపాడానని నాకు నేను చెప్పుకోవచ్చు. కాపాడలేదు. నా పని పోతుందన్న భయంతో అన్నాను, అతనూ అదే భయంతో అన్నాడు. పైగా ఆ తప్పైంది అన్న మాట ఎంత సులువుగా, ఎంత అలవాటుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. నేను రాసిన వాక్యాన్ని నాకే చదివి వినిపిస్తే, చదవలేదని క్షమాపణ చెప్పుకుని వచ్చాను.

మొయినాబాద్‌లో ఆటో దిగేసరికి మా ఆయన బండి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. చిల్కూరు, చిల్కూరు అని అరుస్తున్న ఆటోవాళ్ళ మధ్య నుంచి నన్ను చూసి చేయి ఊపాడు.

"ఏమాయె?"

"పర్మనెంట్ చేసిన్రు."

ఆయన ముఖం వెలిగిపోయింది. అక్కడే ఫోన్ తీసి అత్తమ్మకు చెప్పాడు. ఆవిడ స్తోత్రం, స్తోత్రం అనడం నాకు ఇవతలి దాకా వినిపించింది. బండి వెనక ఎక్కి కూర్చున్నాను.

"ఇంకేమన్నడు సారు?" అన్నాడు ఆయన బండి తీస్తూ.

"రాసి పెట్టింది జర మంచిగ చదువుకోమన్నడు" అన్నాను.